విశ్వవిద్యాలయంలో ఉచిత టెక్నాలజీ సమావేశాలు: మూడో వారానికే గది ఎందుకు ఖాళీ అవుతుంది?

చదివే మిగతావారి కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్. ఇద్దరు సహోద్యోగులతో కలిసి విద్యార్థులకూ సిబ్బందికీ వారానికొకసారి సాయంత్రం నాలుగున్నరకు టెక్నాలజీ మీద గంటసేపు సమావేశం మొదలుపెట్టారు. రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోవలసిన పని లేదు. మొదటి వారం కృత్రిమ మేధ, రెండో వారం బ్లాక్‌చెయిన్, మూడో వారం క్లౌడ్ కంప్యూటింగ్. మొదటి వారం 80 మంది వచ్చారు, మూడో వారం ఆరుగురు. సర్టిఫికెట్ ఇస్తే వస్తారా, హాజరు వేయిస్తే వస్తారా, అసలు మన దగ్గర ఇలాంటివి నిలుస్తాయా అని అడిగారు.

నిలుస్తాయి. నేను ఒక విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మా గురువారం సమావేశం 2013లో మొదలైంది, కోవిడ్ కాలంలో తప్ప ఆగలేదు. సర్టిఫికెట్ ఇస్తే మీ గది నిండుతుంది గాని, అలా నిండిన గదితో ఎవరికీ ప్రయోజనం ఉండదు. మీరు మార్చవలసింది విషయాన్ని ఎంచుకునే పద్ధతి. మీకు ఏం తెలుసు అన్న దగ్గర మొదలుపెట్టకండి. ఈ వారం మీ క్యాంపస్‌లో ఎవరి పని ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మొదలుపెట్టండి. వచ్చిన మనిషి తన సొంత పనిలో ఒక ముక్క పూర్తి చేసుకుని కుర్చీలోంచి లేవాలి. సమయం, గది, టీ అన్నీ దీని తరువాతే.

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకున్న కుర్రాడికి మీ గది అక్కర్లేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో మంచి ఆచార్యుల పూర్తి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటిని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి మళ్లీ చూసుకోవచ్చు. ఆ పాఠాలు చేయలేని పని ఒకటి మీ గది చేయగలదు: పక్కన కూర్చున్న మనిషి మీ తెర వైపు వంగి చూసి, "ఇదిగో, ఇక్కడ పొరపాటు జరిగింది" అని వేలు పెట్టి చూపించడం. మొదటి రోజు వచ్చిన 80 మంది ఆసక్తితోనే వచ్చారు. వాళ్లకు ఆ వేలు దొరకలేదు, ఉపన్యాసం దొరికింది. ఉపన్యాసాలు వాళ్లు ఉదయం నుంచి వింటూనే ఉన్నారు.

మా దగ్గర జరిగిన ఒక గురువారం గురించి కాస్త వివరంగా చెబుతాను, నేను చెప్పదలచినదంతా అందులోనే ఉంది.

అనుబంధ కళాశాలల అంతర్గత మార్కులు చూసే సీనియర్ అసిస్టెంట్ ఒకాయన పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చారు. ఎక్సెల్‌లో రెండు పట్టికలు, ఒకదానిలో పేర్లు, రెండోదానిలో మార్కులు. వీలుకప్ (ఒక పట్టికలోని సంఖ్యను రెండోదానిలో వెతికి దాని వివరం తెచ్చే సూత్రం) పెట్టి రెండింటినీ కలిపితే ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక కళాశాల కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో సరిగ్గా పదిమందికి మార్కులు రావడం లేదు. ఆ పదిమందివీ ఆయన రెండేళ్లుగా చేత్తో ఎక్కిస్తున్నారు. కళాశాలవాళ్లే తప్పు పంపుతున్నారని ఆయన నమ్మకం.

ఆ పదిమంది ఎవరని చూశాం. వరుస సంఖ్య 140 నుంచి 149 వరకు. జేఎన్‌టీయూ తరహా హాల్‌టికెట్ సంఖ్యల చివరి నాలుగు స్థానాల్లో మొదటి రెండు బ్రాంచిని, తరువాతి రెండు విద్యార్థి వరుసను చెబుతాయి. కంప్యూటర్ సైన్స్‌కు 05. వరుస 99 దాటాక అంకె బదులు ఇంగ్లిషు అక్షరం వస్తుంది: 100కు ఏ0, 110కు బీ0, అలా 140కి ఈ0. కళాశాలలో ఎవరో సౌకర్యం కోసం చివరి నాలుగు స్థానాలను మాత్రమే విడిగా ఒక నిలువు వరుసలో కొట్టారు. అంకెల మధ్య ఇంగ్లిషు అక్షరం ఈ కనబడితే ఎక్సెల్ దాన్ని పది ఘాతంగా అర్థం చేసుకుంటుంది. 05ఈ3 అని కొడితే 5 పక్కన మూడు సున్నాలు, అంటే 5000. 05ఈ1 అయితే 50, 05ఈ0 అయితే ఒట్టి 5. 99 లోపువాళ్ల సంఖ్యల్లో ముందున్న సున్నా పోతుంది గాని, దాన్ని తిరిగి చేర్చుకోవడం ఆయనకు అలవాటే. ఏ, బీ, సీ, డీ వరుసలవాళ్లకు ఏమీ కాలేదు, ఈ వరుసలో ఉన్న పదిమంది మాత్రం పట్టిక నుంచి మాయమయ్యారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

దీనికి విరుగుడు సంఖ్యలు టైపు చేయడానికి ముందే వేసుకోవాలి. ఆ నిలువు వరుసను ఎంచుకుని, దాని రూపాన్ని టెక్స్ట్‌గా మార్చి, ఆ తరువాతే సంఖ్యలు కొట్టాలి. ఒకసారి 5000గా మారిపోయాక టెక్స్ట్‌గా మార్చినా పాత అక్షరాలు తిరిగి రావు, మళ్లీ కొట్టాల్సిందే. వేరే చోటి నుంచి ఫైలు తెచ్చుకునేటప్పుడైతే, తెరిచే సమయంలోనే ఏ వరుస టెక్స్ట్‌గా ఉండాలో చెప్పే అవకాశం ఉంటుంది. ఒక్క గడిలోనే కొట్టాలంటే ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెడితే చాలు.

వెనక వరుసలో ఒక బయోకెమిస్ట్రీ పరిశోధక విద్యార్థిని ఉంది. అప్పటిదాకా నోరు విప్పలేదు. "మాకూ ఇదే బాధ సార్" అంది. మానవ జన్యువుల్లో కొన్నింటికి మార్చ్1, సెప్ట్2 వంటి పేర్లుండేవి, ఎక్సెల్ వాటిని మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా మార్చేసేది. ప్రపంచమంతా పరిశోధనా పట్టికలు ఇలా పాడవుతుంటే, జన్యువుల పేర్లు నిర్ణయించే కమిటీ చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చింది. ఈ మాట విన్నప్పుడు ఆ సీనియర్ అసిస్టెంట్ ముఖం నేను మరిచిపోలేను. తన పరీక్షల విభాగం బల్ల మీద రెండేళ్లుగా తనను వేధించినది, ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలవాళ్లు కూడా తల పట్టుకున్న సమస్యే. ఆ తరువాత ఆయన ఒక్క గురువారం కూడా మానలేదు. ఆ అమ్మాయి మరుసటి నెల తనే ముందుకు వచ్చి పాఠం చెప్పింది.

ఆ రోజు గదిలో ఉన్నది 11 మంది. 80 మంది ఉంటే ఆ పెన్‌డ్రైవ్ జేబులోనే ఉండిపోయేది. ఆరుగురు మిగిలారని దిగులు పడకండి. ఆ ఆరుగురూ ఎందుకు వచ్చారో అడిగారా? వచ్చే నెలంతా మీ విషయాల జాబితా వాళ్ల దగ్గరే ఉంది.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి గరాజులో సుమారు 30 మంది కూర్చున్నారు. అదే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్, సొంతంగా కంప్యూటర్లు తయారుచేసుకోవాలనుకునే ఔత్సాహికుల బృందం. చోటు చాలక తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కణ భౌతికశాస్త్ర కేంద్రం ఆడిటోరియానికి మారారు. క్లబ్ సభ్యుడు లీ ఫెల్సెన్‌స్టైన్ ఆ సమావేశాలను రెండు భాగాలుగా నడిపేవారు. మొదటి భాగంలో ఎవరైనా లేచి తన దగ్గర ఏముందో, తనకు ఏం కావాలో క్లుప్తంగా చెప్పేవారు. రెండో భాగంలో, ఇందాక విన్నదాన్ని బట్టి, ఎవరికి కావలసిన మనిషిని వారు వెతుక్కుని విడివిడిగా మాట్లాడుకునేవారు. ఆపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్ 1 కంప్యూటర్ సర్క్యూట్ చిత్రాలను అక్కడివారికి ఉచితంగా పంచారు. ఆ గదిలో సర్టిఫికెట్లు లేవు, ముఖ్య అతిథి లేరు. కావలసిన మనిషి దొరికే ఏర్పాటు మాత్రం ఉంది.

మేము దాన్ని మన మధ్యాహ్న భోజన విరామానికి సరిపడేలా కుదించాం. మొత్తం 50 నిమిషాలు. మొదటి పది నిమిషాలు చుట్టూ తిరిగి ఒక్కొక్కరు తమ పని ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యంలో చెబుతారు. తరువాత 25 నిమిషాలు ఒకే విషయం, ముందు వారం ఎక్కువమంది అడిగినది. చివరి 15 నిమిషాలకు మేము "చిక్కుముడుల వేళ" అని పేరు పెట్టుకున్నాం. తెలిసినవారు తెలియనివారి పక్కకు వెళ్లి కూర్చుంటారు. ఆ పదిహేను నిమిషాలకే చాలామంది వస్తారు. మధ్యలో పాఠం ఎంత బాగా వచ్చినా సరే, గడియారం చూసి ఆపేస్తాను.

ఇక సమయం సంగతి. సాయంత్రం నాలుగున్నర అన్నారు. మీ కళాశాల బస్సులు ఎన్నింటికి బయలుదేరతాయి? మా దగ్గర నాలుగు నలభైకి. రోజూ ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లు బస్సు వదులుకుని కూర్చోరు. అమ్మాయిల హాస్టల్‌కు సాయంత్రం ఫలానా వేళలోపు చేరాలన్న నిబంధన ఉంటుంది. ఆఫీసు సిబ్బంది అయిదు కాకుండా కదల్లేరు. అంటే నాలుగున్నరకు మీరు పెట్టిన సమావేశం అబ్బాయిల హాస్టల్‌లో ఉండేవాళ్లకు మాత్రమే పెట్టినట్టు. మేమూ మొదటి ఏడాది సాయంత్రమే పెట్టాం. మధ్యాహ్నం ఒకటి అయిదుకు మార్చాక అమ్మాయిల సంఖ్య ముగ్గురు నలుగురి నుంచి గదిలో సగానికి పెరిగింది. వరండాలో డబ్బా తినేసి లోపలికి వస్తారు. ఏ వేళ పెట్టినా ఇక దాన్ని కదపకండి. మిడ్ పరీక్షల వారమైనా, ఇద్దరే వచ్చినా, గది తెరిచి ఉండాలి. "ఈ వారం ఉందో లేదో" అన్న అనుమానం ఒక్కసారి వచ్చిందంటే మనుషులు రావడం మానేస్తారు. దీనికోసం తాళంచెవులు ఉండే ల్యాబ్ అటెండరును మీ బృందంలో మొదటి సభ్యుడిగా చేర్చుకోండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మా అటెండరు ఇప్పుడు ప్రింటర్ల పాఠం తనే చెబుతాడు, కాగితం ఎక్కడ ఇరుక్కుంటుందో అతనికి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు.

లాంఛనాల గురించి గట్టిగానే చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఏ చిన్న కార్యక్రమం పెట్టినా దానంతట అదే వేదిక ఎక్కేస్తుంది. జ్యోతి ప్రజ్వలన, పూలగుచ్ఛం, శాలువా, ముఖ్య అతిథి పరిచయం, వందన సమర్పణ. గంట కార్యక్రమంలో 25 నిమిషాలు వీటికే పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. వేదిక మీద పెద్దవాళ్లు కూర్చున్న గదిలో ఏ విద్యార్థీ "నాకు ఫైలు జిప్ చేయడం రాదు" అనడు. మీ డీన్ గారు రావాలనుకుంటే సంతోషంగా రమ్మనండి, ల్యాప్‌టాప్ తెచ్చుకుని మిగతావారి మధ్య కూర్చోమనండి. మా దగ్గర ఒక సీనియర్ ఆచార్యులు అలాగే వచ్చి, ముప్పై ఏళ్లుగా సూచన గ్రంథాల పట్టికను చేత్తో రాసుకుంటున్నానని అందరి ముందూ చెప్పారు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్న ఎమ్మే విద్యార్థి ఆయనకు జొటేరో నేర్పాడు. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2006 నుంచి ఉచితంగా దొరుకుతున్న పనిముట్టు అది. ఒక పుస్తకం ఐఎస్‌బీఎన్ సంఖ్య ఇస్తే రచయిత, ప్రచురణ, సంవత్సరం అన్నీ తెచ్చి పెడుతుంది. ఆచార్యులే నాకు రాదు అన్నాక ఇక గదిలో ఎవరికీ మొహమాటం మిగలలేదు.

భాష తెలుగులోనే ఉండాలి. మా దగ్గర ఇతర రాష్ట్రాల విద్యార్థులు కూడా ఉన్నారు, వాళ్ల పక్కన తెలుగు, ఇంగ్లిషు రెండూ వచ్చిన ఒకరిని కూర్చోబెడతాం. మెనూలో ఏ పేరు కనిపిస్తుందో ఆ పేరే వాడండి, సేవ్‌ను సేవ్ అనే అనండి. ఎందుకు అలా చేస్తున్నామన్న వివరణ మాత్రం అచ్చంగా మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లిషు ఉపన్యాసంలో తల ఊపుతాడు, ప్రశ్న అడగడు. అదే విద్యార్థి తెలుగులో అడిగే ప్రశ్నలు చాలాసార్లు గదిలోకెల్లా లోతైనవి.

తెలుగు శాఖను మీరు పిలిచారా? ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు కాబట్టి అడుగుతున్నాను. ఏ విశ్వవిద్యాలయంలోనైనా టెక్నాలజీ వల్ల ఎక్కువ బాధపడుతున్నది, ఎవరూ పట్టించుకోనిది ఆ శాఖే. జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి సిద్ధాంత గ్రంథమంతా అను ఫాంట్లలో టైపు చేయించుకుంది. టైపు చేసిన చోట చక్కగా ఉంది. మార్గదర్శకుల కంప్యూటర్‌లో తెరిస్తే వరుసగా ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. పాత తరహా ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిషు అక్షరాల స్థానంలో కూర్చోబెడతాయి. మనకు తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం అది ఇంగ్లిషే అనుకుంటుంది. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత ఇల్లు ఉంది. క్ష అని మనకు ఒక అక్షరంగా కనబడేది అందులో క, పొల్లు, ష అనే మూడు గుర్తుల వరుస. అందుకే ఏ యంత్రంలో తెరిచినా అది క్షగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఆ గురువారం మేము ఒకే ఒక్క పేజీ మార్చాం. మార్పిడి పనిముట్టు చాలావరకు సరిగ్గానే చేసింది, కొన్ని చోట్ల ఒత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి. అలాంటి పొరపాటు ఎక్కడ వచ్చినా ఒకేలా వస్తుంది కాబట్టి, ఒకసారి గుర్తుపట్టి మొత్తం మీద ఒకేసారి సవరించవచ్చని చూపించాం. మిగతాది ఇంటికి వెళ్లి చేసుకుంది. మూడు వారాల తరువాత ల్యాప్‌టాప్ తెచ్చి, గేయాల అధ్యాయంలో "ఉయ్యాలో" అని కొట్టి వెతికింది. ఆ పల్లవి వచ్చిన ప్రతి చోటూ పసుపు రంగులో వెలిగింది. అంతకు ముందు ఆ లెక్క కోసం ఆమె ప్రింటు తీసిన కాగితాల మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ ఒక వేసవి సెలవంతా గడిపింది. తన పాత కాగితాలు కూడా సంచిలో తెచ్చుకుంది, రెండు లెక్కలూ సరిపోల్చడానికి. పెన్సిల్ లెక్కలో తొమ్మిది తక్కువ వచ్చాయి. సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే జాతీయ ఆన్‌లైన్ భాండాగారంలో చేరే ఈ కాలంలో, వెతికితే దొరకని తెలుగు గ్రంథం అక్కడ ఉన్నా లేనట్టే. ఈ ఒక్క విషయం మీదే మీరు ఒక సెమిస్టర్ నడపవచ్చు.

నేర్పే తీరు గురించి మాకు బాగా పనికొచ్చిన రెండు అలవాట్లు సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వాళ్లవి. గ్రెగ్ విల్సన్ 1998లో మొదలుపెట్టిన ఆ శిక్షణలు శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పుతాయి. ఒకటి, స్లైడ్లు లేకుండా చెప్పేవారు అందరి ముందూ టైపు చేస్తూ వెళ్లడం. టైపు చేసేటప్పుడు వేగం దానంతట అదే తగ్గుతుంది, పొరపాటు జరిగితే దాన్ని ఎలా సరిచేసుకోవాలో కూడా అందరూ చూస్తారు. రెండోది, ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటించే చీటీలు ఇవ్వడం. పని అయినవారు తమ తెరకు ఒక రంగు చీటీ అంటిస్తారు, ఆగిపోయినవారు ఎర్ర చీటీ. చెయ్యెత్తి "నాకు రాలేదు" అనడం మన పిల్లలకు కష్టం, చీటీ అంటించడం కష్టం కాదు. గదిలో ఎర్ర చీటీలు మూడు దాటితే నేను ముందుకు వెళ్లను. మా మొత్తం ఖర్చు ఆ చీటీలు, టీ. టీ డబ్బులు మేము నలుగురం వేసుకుంటాం, ఇరవై మందికి రెండు మూడు వందలు దాటదు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. ఒక ఏడాది పైనుంచి ఒత్తిడి రావడంతో మేమూ ఇచ్చాం. ఆ వారాల్లో 140 మంది దాకా వచ్చారు. సంతకాల కాగితం తిరగడం పూర్తయ్యాక వెనక తలుపు నుంచి సగం మంది వెళ్లిపోయారు, మిగతా సగంలో చాలామంది ఫోను చూసుకున్నారు. అసలు పని ఉండి వచ్చినవారికి కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు. మరుసటి సెమిస్టర్‌లో ఆపేశాం. ఒక మినహాయింపు చెప్పాలి: ఎవరైనా విద్యార్థి ఇక్కడ వరుసగా మూడు నాలుగు పాఠాలు తానే చెప్పి ఉంటే, ఏం చెప్పాడో వివరంగా రాసి నేను లేఖ ఇస్తాను. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ లేఖ పనికొస్తుంది, ఎందుకంటే దాని గురించి అడిగితే అతను అయిదు నిమిషాలు మాట్లాడగలడు. హాజరు ఇప్పించడం మాత్రం వద్దు. 75 శాతం నిబంధనతో సతమతమయ్యేవాళ్లు మీ గదిని హాజరు దుకాణంగా వాడుకుంటారు, వాళ్లను తప్పుపట్టడానికి కూడా ఉండదు.

విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ పత్రాల కోసం మీ శాఖ ఫొటోలు, నివేదికలు అడుగుతుంది. ఒక్క ఫొటో తీసి ఇచ్చేయండి, దాని కోసం సమావేశం నడక మార్చకండి. దానికన్నా విలువైనది ఒక మామూలు నోటు పుస్తకం. మేము ప్రతి గురువారం నాలుగు విషయాలు రాస్తాం: తేదీ, ఎంతమంది, ఎవరి పని ఎక్కడ ఆగింది, తీరిందా లేదా. రిజిస్ట్రార్ మారిన ప్రతిసారీ "ఈ గది మీకెందుకు" అన్న ప్రశ్న వచ్చింది. ప్రతిసారీ ఆ పుస్తకమే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. పరీక్షల విభాగం, గ్రంథాలయం, అకౌంట్స్, హాస్టల్ ఆఫీసు, ప్రతి చోటి పనీ అందులో ఉంది. రెండు పేజీలు తిప్పాక గది గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

బయటివారిని పిలిచేటప్పుడు జాగ్రత్త. ఒక శిక్షణ సంస్థవాళ్లు ఉచితంగా వచ్చి డేటా సైన్స్ చెబుతామన్నారు, ఒప్పుకున్నాను. పావుగంట పాఠం, అరగంట వాళ్ల కోర్సు ప్రకటన. వెళ్లేటప్పుడు ఒక కాగితం తిప్పి అందరి ఫోను నంబర్లు రాయించుకున్నారు. నెలరోజులపాటు మా పిల్లలకు రుసుము రాయితీ అంటూ ఫోన్లు వచ్చాయి. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం: ఎవరి నంబరూ ఎవరికీ ఇవ్వం, ఏ సంస్థ పేరూ తెర మీద కనిపించకూడదు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు వస్తామంటే తప్పకుండా రమ్మంటాం, కాని వాళ్లు కూడా చిక్కుముడుల వేళకే వస్తారు, వేదికకు కాదు.

ఇంకొక మాట. విశ్వవిద్యాలయ సమాజం అంటే విద్యార్థులు, అధ్యాపకులు మాత్రమే అనుకోకండి. కాపలా సిబ్బంది, పారిశుద్ధ్య సిబ్బంది, మెస్ పనివారు కూడా ఆ సమాజమే, వాళ్ల చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. మా గేటు దగ్గర పనిచేసే ఒకాయన పాత స్కూటర్ అమ్మకానికి పెట్టారు. ఎవరో ఫోను చేసి సైన్యంలో ఉన్నానని చెప్పి, క్యూఆర్ కోడ్ పంపి, "ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. ఆయన కొట్టారు. ఖాతాలో ఉన్న ఎనిమిది వేలు పోయాయి. కూతురి ఫీజు కోసం దాచిన డబ్బు అది.

ఆ వారమే షిఫ్టు మారే మధ్యాహ్నం రెండు గంటలకు గేటు పక్క చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాం. బల్ల మీద రెండు ఫోన్లు. ఒకదాని నుంచి రెండోదానికి ఒక్క రూపాయి పంపాం. పంపినవారి ఫోను పిన్ అడిగింది. అందుకున్నవారి ఫోను ఏమీ అడగలేదు, ఎవరూ దాన్ని తాకలేదు కూడా, రూపాయి వచ్చేసింది. ఒక్కొక్కరి చేతా చేయించాం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఎన్ని పోస్టర్లు అంటించినా ఎక్కనిది, ఆ రూపాయి వచ్చిన చప్పుడుతో ఎక్కింది. తరువాత అందరి ఫోన్లలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 సేవ్ చేయించాం. మోసం జరిగిన వెంటనే ఆ నంబరుకు చేస్తే డబ్బు చేతులు మారకముందే నిలిపే అవకాశం ఉంటుంది, ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి మంగళవారం ఆ చెట్టు కింద కూర్చుంటాం. నా మనసుకు గురువారం కన్నా ఆ మంగళవారమే దగ్గర.

మీరు కృత్రిమ మేధ మీద మళ్లీ పెట్టాలనుకుంటే పెట్టండి, అది అందరికీ కావలసిన విషయమే. ఈసారి ఉపన్యాసం వద్దు. పరిశోధక విద్యార్థులను తమ అంశం మీద చాట్‌బాట్‌ను అడిగి పది సూచన గ్రంథాలు తెచ్చుకోమనండి. గదిలో ఒక్కొక్కదాని డీఓఐ (పరిశోధనా వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొట్టి, అది నిజంగా ఉందో లేదో, ఉంటే ఆ వ్యాసం వేరొకరిదా అని వెతికించండి. మా దగ్గర చేసినప్పుడు ఒక అబ్బాయి పదింటిలో నాలుగు ఎక్కడా లేనివి. వాటిలో ఒకదానికి అతని మార్గదర్శకుల పేరే రచయితగా ఉంది, ఆయన ఎన్నడూ రాయని వ్యాసం. యంత్రం మాటలను ఎలా అల్లుతుందన్న వివరణ అప్పుడు చెబితే అందరూ వింటారు, అంతకు ముందు చెబితే వినరు.

చివరగా మీ తరువాతి వారం. ప్రకటనలో విషయం పేరు రాయకండి. "మీ కంప్యూటర్‌లోనో ఫోనులోనో ఆగిపోయిన పని ఒకటి తీసుకుని రండి, కలిసి చూద్దాం" అని తెలుగులో రాసి, నోటీసు బోర్డుతోపాటు పరీక్షల విభాగం తలుపు మీద, గ్రంథాలయం గేటు దగ్గర, హాస్టల్ మెస్‌లో చేతులు కడిగే చోట అంటించండి. ఆ ఆరుగురికీ మాత్రం మీరే స్వయంగా ఫోను చేయండి. పని తీరనివి తప్పకుండా కొన్ని మిగులుతాయి, వాటిని నోటు పుస్తకంలో రాసుకుని, తెలిసినవారిని అడిగి వచ్చే వారానికి జవాబు తెస్తామని చెప్పండి, తీసుకురండి. ఆ సమావేశం తరువాత ఏ పనులు వచ్చాయో ఇక్కడే రాస్తే, రెండో వారం 25 నిమిషాల్లో దేన్ని తీసుకోవాలో కలిసి చూద్దాం.